నక్కలగుట్ట సందులో మందుల షాపు: నాలుగు స్టార్లు

బాపుకు కిడ్నీ మార్పిడి అయి రెండేళ్లయింది. మొన్న చలికాలంలో ముక్కు ఒకవైపే దిబ్బడ వేసి, చెంప మొద్దుబారినట్టుందంటే సైనస్ అనుకున్నాం. హైదరాబాద్ తీసుకెళ్తే మ్యూకర్ అన్నారు, 2021లో బ్లాక్ ఫంగస్ పేరుతో అందరినీ హడలగొట్టిందే. ఆ బూజు గాలిలో మనమూ పీలుస్తాం, ఏమీ కాదు. కానీ పెట్టిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే మందులతో బాపుకు రోగనిరోధక శక్తి తగ్గిపోయి ఉంది కదా. ఆపరేషన్, ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు అయ్యాక ఆ బూజుకే పోసకొనజోల్ మాత్రలు రాసి పంపారు, రోజుకు మూడు, ఒకేసారి.

హనుమకొండలో రెండు షాపుల్లో లేవన్నారు. మూడో షాపులో ఉన్నాయి గానీ, బాపు మింగలేకపోతున్నాడంటే "నూరి పెరుగులో కలిపి పెట్టండి" అన్నాడు. సరే అనుకున్నా కానీ బిల్లు చూసి కడుపు మండి కొనకుండా వచ్చేశా. అదే మంచిదైంది.

ఈ షాపులో కౌంటర్ దగ్గరుండే అక్క చీటీ పూర్తిగా చదివి, మాత్ర ఇవ్వకముందే "టాక్రోలిమస్ కూడా వేస్తున్నరా అన్నా? డోసు తగ్గించిన్రా?" అని అడిగింది. టాక్రోలిమస్ అంటే ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టకుండా బాపు వేసుకునే మందు. పోసకొనజోల్ మొదలుపెడితే అది రక్తంలో పెరిగిపోయి, ఉన్న ఆ కిడ్నీకే దెబ్బట. డిశ్చార్జి కాగితం తీసి చూస్తే మూడో వంతుకు తగ్గించమని రాసే ఉంది! ఇంట్లో అమ్మ అలవాటుగా డబ్బాలో పాత డోసే వేసి పెట్టింది. అక్కడి నుంచే ఫోన్ చేసి ఆ పాత డోసు ఆపించా, చేతులు వణికాయి. పోసకొనజోల్ ఆపేసే రోజు కూడా డాక్టర్ని అడక్కుండా టాక్రోలిమస్ మార్చొద్దని, రక్త పరీక్ష చేయించాలని మరీ మరీ చెప్పింది. నూరే సంగతి అడిగితే కసిరింది. ఆ మాత్ర పేగుల్లోకి పోయాకే కరిగేలా చేస్తారట, నూరితే సరిగా పని చేయదట. కవరు మీద ఎర్ర పెన్నుతో "నూరొద్దు, కొరకొద్దు, తిన్నాక" అని రాసిచ్చింది. బాపు ఆ కవరు ఇంకా పారేయలేదు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, రెండోసారి రేపు వస్తాయన్న స్ట్రిప్పులు మూడో రోజుకు వచ్చాయి, చేతిలో ఒక్క పూటకే ఉన్నాయి, ఆ టెన్షన్ నాకే తెలుసు. బండి పెట్టే చోటు లేదు, డిస్కౌంట్ నామమాత్రం. ఫోన్‌లో ఫొటో చూపిస్తే మందు ఇవ్వదు, అసలు చీటీ, డిశ్చార్జి కాగితం రెండూ పట్టుకెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం దాటితే షట్టర్ దించేస్తారు.