అడవి గొడ్డలి కొనేటప్పుడు బరువు చూడాలా, ఉక్కు చూడాలా?

విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఇనుప సామాన్ల దుకాణంలో గొడ్డలి అడిగితే, ఎంత బరువుది కావాలన్న ప్రశ్నే ముందుగా ఎదురవుతుంది. బరువెక్కువైతే దెబ్బ గట్టిగా పడుతుందన్న నమ్మకంలో సగమే నిజం ఉంది. బరువు రెట్టింపయితే దెబ్బలోని శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపయితే నాలుగు రెట్లవుతుంది. రెండు కిలోల గొడ్డలి ఎత్తి కాసేపటికే చేతులు పడిపోయిన మనిషికన్నా, కిలో గొడ్డలిని తగ్గని వేగంతో గంటసేపు ఆడించగల మనిషి ఎక్కువ కొమ్మలు దించుతాడు. కట్టెలు చీల్చడానికి బరువు కావాలి, అది వేరే పని. అరకు, చింతపల్లి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ కొమ్మలు కొట్టడానికి, భీమిలి వైపు సరుగుడు తోటల్లో నడిమి లావు మానును పడగొట్టడానికి ఏది మేలన్నదే ఇక్కడి ప్రశ్న.

ప్రపంచమంతా మెచ్చుకునే స్వీడన్ గొడ్డళ్ళతో మొదలుపెడదాం. గ్రాన్స్‌ఫోర్స్ బ్రుక్ వారి చిన్న అడవి గొడ్డలిలో ఇనుప భాగం సుమారు 700 గ్రాములు, కామ, అంటే చేత పట్టుకునే కర్ర, దాదాపు అర మీటరు. పెద్దదానిలో ఇనుము సుమారు 900 గ్రాములు, కామ 64 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. బరువుకూ కామ పొడవుకూ కుదిరిన పొందిక చేతికి వెంటనే తెలుస్తుంది. అంచు దుకాణం నుంచే పూర్తి పదునుతో వస్తుంది. అయితే ఆ పలుచని అంచును అక్కడి పైన్, స్ప్రూస్ వంటి మెత్తని కలపను దృష్టిలో ఉంచుకొని తీర్చారు. ఎండిన సరుగుడు ముడి మీదనో, చింత చేవ మీదనో అదే అంచుతో కొడితే పెచ్చులూడే ప్రమాదం ఉంది కాబట్టి, మన కలపకు వాడేవారు అంచు కోణాన్ని కొంచెం మొద్దుగా మార్చి సానపట్టుకోవాలి. ఫిన్లాండ్ వారి ఫిస్కార్స్ గొడ్డళ్ళకు గాజునార కలిపిన ప్లాస్టిక్ కామను ఇనుము చుట్టూ పోతపోస్తారు. అది వదులు కాదు, కానీ విరిగితే కొత్త కామ వేసుకునే వీలు లేదు. మన్యంలో పనిచేసేవారికి ఇది పెద్ద లోటేనని నా అభిప్రాయం.

కమ్మరి కొలిమిలో తయారయ్యే గొడ్డలి సంగతి ఇంకా లోతుగా చూడాలి. మంచి కమ్మరి లారీ కమాను పట్టీని ఎంచుకుంటాడు. అందులో కర్బనం నూటికి అర పాలు పైచిలుకు ఉంటుంది కాబట్టి కాల్చి ముంచితే గట్టిపడుతుంది. ఇళ్ళ స్లాబులకు వాడే ఇనుప చువ్వలో కర్బనం 0.3 శాతానికి మించదు. దానితో చేసిన గొడ్డలి ఎంత నునుపుగా మెరిసినా పదును నిలుపుకోదు. ఉక్కు ఒక్కటే సరిపోదు, ముంచే పద్ధతి కూడా సరిగ్గా ఉండాలి. పనితనం ఉన్న కమ్మరి అంచును రెండు వేళ్ళ వెడల్పు మేర మాత్రమే నీటిలో ముంచి బయటికి తీసి, అంచు మీది మసిని రుద్ది తుడిచి, వెనుక భాగంలో మిగిలిన వేడి అంచుకు పాకుతూ ఎండుగడ్డి రంగు దాటి గోధుమ రంగుకు వచ్చేదాకా కనిపెట్టి, అప్పుడు మొత్తం చల్లారుస్తాడు. ఆ రంగు రాకముందే చల్లార్చిన అంచు గాజులా పెళుసవుతుంది, రంగు నీలం దాటిపోతే మెత్తబడుతుంది. అందుకే ఒకే కొలిమి నుంచి వచ్చిన రెండు గొడ్డళ్ళు కూడా ఒకేలా ఉండకపోవచ్చు. కొనేముందు అంచు మీద ఆకురాయిని నెమ్మదిగా నడిపి చూడాలి: పూర్తిగా జారిపోతే పెళుసు, సులువుగా లోతుకు తినేస్తే మెత్తన, కష్టపడి కొద్దిగా పట్టుకుంటే సరైనది.

దుకాణాల్లో రంగు వేసి వేలాడదీసే కిలోన్నర కర్మాగారపు గొడ్డళ్ళను ఈ పనికి నేను సిఫారసు చేయలేను. చాలావాటికి బుగ్గలు, అంటే అంచు వెనుక రెండు పక్కలు, లావుగా ఉండి, దెబ్బ లోపలికి దిగకుండా ఎగిరిపోతుంది. వాటిని అరగదీసి సన్నబరచడానికే ఒక పూట పడుతుంది.

కామ విషయంలో మన తీరప్రాంతపు తేమను మరవకూడదు. వానాకాలంలో ఉబ్బిన కర్ర వేసవికి కుంచించుకొని ఇనుము వదులవుతుంది, వదులైన గొడ్డలి పక్కవాడి ప్రాణానికే ముప్పు. రాత్రంతా నీళ్ళలో నానబెట్టడం చాలామంది చేసే పనే గానీ, ఉబ్బిన కర్ర నార ఇనుము కన్నంలో నలిగిపోయి, ఆరాక మునుపటికన్నా ఎక్కువ వదులవుతుంది. దానికి బదులు కామ కొనలోకి కొత్త చీలిక (బిగించే చెక్క ముక్క) దిగగొట్టి, అవిసె నూనె పట్టించడం మంచిది. మన గొడ్డళ్ళలో కామను పైనుంచి దూర్చే రకం ఈ విషయంలో స్వీడన్ పద్ధతికన్నా నయం, ఎందుకంటే పైభాగం లావుగా ఉన్న కర్ర మీద విసిరిన ప్రతిసారీ ఇనుము మరింత బిగుస్తుంది. కామకు చిరుమాను గానీ, తుమ్మ గానీ, నార నిలువుగా సాగిన కర్రనే ఎంచుకోవాలి.

తోట ఉన్నవారికి, ఏటా కొమ్మలు కొట్టుకునేవారికి, కామ తీసి తూచినప్పుడు 900 గ్రాముల నుంచి కిలో లోపు తూగే, ఆకురాయి పరీక్షకు నిలిచిన కమాను పట్టీ గొడ్డలినే నేను ముందు నిలబెడతాను. తెలిసిన కమ్మరి దగ్గరలో లేని నగరవాసి, సానపట్టే ఓపిక ఉంటే, స్వీడన్‌ది తీసుకోవచ్చు. సామాను మూటలో మోసుకెళ్ళి సన్నని పుల్లలు కొట్టుకోవడానికి మాత్రమైతే 640 గ్రాముల ఫిస్కార్స్ ఎక్స్7 సరిపోతుంది. దానితో మాను పడగొట్టే పని పెట్టుకోకూడదు.