జీపీఎస్ వెస్ట్‌తో రెండేళ్ళు: ఆ పచ్చరంగును నమ్మి దెబ్బతిన్నాను

ఎంత దూరం, ఎంత వేగంగా పరిగెత్తామో శాటిలైట్ సిగ్నల్‌తో కొలిచే చిన్న పరికరాన్ని వీపు మీది జేబులో పెట్టుకునే బిగుతు బనియన్ ఈ వెస్ట్. రెండేళ్ళకు పైగా దీన్ని వేసుకుని ప్రతి ఆదివారం ఫ్లాగ్ ఫుట్‌బాల్ (ఒకరినొకరు పడదొయ్యకుండా, నడుముకున్న జెండా లాగి ఆపే అమెరికన్ ఫుట్‌బాల్) ఆడుతున్నాను. బ్యాటరీ, బరువు, ధర గురించి చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి పోను. ఈ రోజు ఒంటిని కష్టపెట్టొచ్చా వద్దా అని యాప్ చూపించే పచ్చ గుండ్రం ఒకటుంది. నా బాధంతా దాని గురించే.

నేను ఎమ్మెస్ చేసింది అమెరికాలోని టలహాసీలో, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో. 2013 సీజన్‌లో మా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆడిన 14 ఆటలూ గెలిచింది. ఫైనల్లో ఆబర్న్ యూనివర్సిటీ జట్టు 21-3తో ముందుంటే, చివరికి 13 సెకన్లు మిగిలి ఉండగా టచ్‌డౌన్ కొట్టి (బంతిని అవతలి జట్టు గీత దాటించి) 34-31తో గెలిచాం. ఆ రాత్రి రూమ్‌లో ఐదుగురం ఏడ్చేశాం. కాటపల్ట్ అనే ఆస్ట్రేలియా కంపెనీ జీపీఎస్ పరికరాలను ప్రాక్టీసులో ముందుగా వాడిన కాలేజీ జట్లలో మాదీ ఒకటి. స్టేడియంలో మా వెనక వరుసలో కూర్చునే పెద్దాయనకి మాత్రం అవంటే అస్సలు గిట్టేది కాదు. "కుర్రాడు అలిసిపోయాడో లేదో కోచ్ వాడి మొహం చూసి చెప్పాలి. ఎలా ఉన్నావని ఆ డబ్బా అడుగుతుందా?" అనేవారు. జట్టు గెలుస్తోంది కదా, ఆయనది చాదస్తం అనుకున్నాను.

నాది వేరే కంపెనీది. మొదటి ఏడాది దీన్ని తెగ మెచ్చుకున్నాను. రెండో సగంలో నా వేగం పడిపోతోందని ఇదే చూపించింది. జట్టులో ఇద్దరి చేత కూడా కొనిపించాను.

పోయిన ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉరుములు, మెరుపులు. గ్రౌండ్ మూసేసి మమ్మల్ని ఇండోర్ టర్ఫ్‌కి మార్చారు. అగ్గిపెట్టెంత పరికరాన్ని పార్కింగ్‌లో ఆకాశం వైపు పట్టుకుని, లైటు నిలకడగా వెలిగాక వీపు మీది జేబులో పెట్టడం నా అలవాటు. ఆ రోజు రేకుల కప్పు కింద లైటు మినుకుమినుకుమంటూనే ఉంది. వరసగా రెండు ఆటలు ఆడాం. రాత్రి యాప్ చూస్తే పావు మైలు కూడా లేదు. సిగ్నల్ లేదు కదా అని వదిలేశాను.

మంగళవారం ఇంట్లో మెట్లెక్కుతుంటే కాళ్ళు బరువుగా ఉన్నాయి. యాప్ మాత్రం పచ్చగా ఉంది. ఈ వారం కష్టాన్ని గత 4 వారాల సగటుతో పోల్చి, బాగా తక్కువ చేశావు, ఇంకా చెయ్యొచ్చు అంటోంది. నా కాళ్ళ మాట పక్కనపెట్టి దాన్నే నమ్మాను. బుధవారం 40 గజాల పరుగులు మొదలుపెట్టాను. ఆరో పరుగులో కుడి తొడ వెనక ఎవరో తాడు తెంపినట్టయింది. అక్కడే కూలబడ్డాను. ఏడు వారాలు ఆట లేదు.

కప్పు కింద శాటిలైట్ సిగ్నల్ అందదు, అది నాకూ తెలుసు. నేను కష్టపడలేదు అనడానికీ, తను కొలవలేకపోయింది అనడానికీ ఆ యాప్‌కి తేడా లేకపోవడమే నా కోపం. ఆ రోజును ఖాళీగా ఉంచి, "ఆదివారం ఎక్కడ ఆడావు?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. కంపెనీకి రాస్తే, ఇండోర్ ఆటలు చేత్తో ఎక్కించుకోవాలన్నారు. ఆ సదుపాయం ఉన్నమాట నిజమే, సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున ఉంది.

కాలేజీ జట్లకి ఇండోర్‌లో కొలవడానికి వేరే ఏర్పాట్లు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, అంకె చూశాక కుర్రాణ్ణి పిలిచి అడిగే మనిషి ఉంటాడు. 300 పౌండ్ల మనిషిని నెట్టుకుంటూ రెండు గజాల్లోనే ఉండిపోయే లైన్‌మన్ (ముందు వరుసలో ఎదుటివాళ్ళని అడ్డుకునే ఆటగాడు) పడే కష్టం, ఎంత దూరం పరిగెత్తాడో చూస్తే ఏం తెలుస్తుంది? పెద్దాయన అడిగింది ఇదే.

నేను మెచ్చుకున్న ఆ రెండో సగం లెక్కని కూడా ఈ మధ్య మళ్ళీ చూశాను. అప్పట్లో రెండో సగంలో ఎక్కువగా సెంటర్‌లో, అంటే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే చోట, ఆడేవాణ్ణి. బంతి అందించి నాలుగడుగులు వేసే చోట వేగం ఎక్కణ్ణుంచి వస్తుంది?

నాకు 36 ఏళ్ళు, కూర్చుని చేసే ఉద్యోగం, ట్రైనర్ లేడు. రోజూ కోచ్ కళ్ళెదుట ఆడేవాళ్ళకి ఇది బాగా పనికిరావచ్చు. నేనూ బయట ఆడేటప్పుడు ఇంకా వేసుకుంటున్నాను. కాకపోతే యాప్ తెరిచే ముందు, కారులో కూర్చుని కాళ్ళు ఎలా ఉన్నాయో నోట్‌బుక్‌లో ఒక ముక్క రాస్తున్నాను. పోయిన ఆదివారం "కుడి తొడ పట్టేసినట్టుంది" అని రాసి, తర్వాత యాప్ తెరిచాను. పచ్చగా ఉంది. బుధవారం పరుగుకి వెళ్ళలేదు.