గార్డెన్ వ్యూకి 1,600, గార్డెన్‌కి సున్నా

అమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలై రెండేళ్లయింది. అనంతపురంలో ముగ్గురు డాక్టర్లు మూడు రకాలుగా చెప్పాక, ఇక బెంగళూరులోనే చూపిద్దామని ఫిబ్రవరి చివర్లో బయల్దేరాం. నేను, అమ్మ, మా మామ. మామ అంటే అమ్మకు సొంత తమ్ముడు. ఎక్కడికెళ్లినా జేబులో చిన్న డైరీ పెట్టుకుని పైసాతో సహా లెక్క రాసే మనిషి. కింద నేను చెప్పే అంకెలన్నీ ఆ డైరీలోవే.

రైలు టైముకే వచ్చింది. ఆస్పత్రిలో శుక్రవారం టోకెన్, ఎక్స్‌రే, స్కాన్ అయ్యాయి. రిపోర్టుకు సోమవారం రమ్మన్నారు. ఆ సంగతి అంతే.

బస సంగతి మాత్రం అంత త్వరగా అవ్వదు. జయనగర్ వైపు ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్ ఆన్‌లైన్లో చూసి బుక్ చేశాను. రోజుకు 1,850. ముగ్గురు ఉండొచ్చని రాశారు. ఇంకో 400 కడితే ‘గార్డెన్ వ్యూ’ గది. ఫోటోలో కిటికీ నిండా పచ్చగా చెట్లు. స్కాన్ అంటేనే అమ్మ నాలుగు రోజులుగా నిద్రపోవడం లేదు, కిటికీలోంచి చెట్లు కనిపిస్తే కాస్త మనసు తేలికపడుతుందని ఆ 400 కూడా కట్టాను. నాలుగు రాత్రులకు 9,000 ముందే ఇచ్చేశాను.

గదిలోకి వెళ్లి కర్టెన్ లాగితే ఎదురుగా పక్కింటి గోడ. ఆ గోడకు ఆరు ఏసీ డబ్బాలు, వాటి కింద రెండు క్రోటన్ కుండీలు. ఒక కుండీలో మొక్క ఎప్పుడో ఎండిపోయింది. మామ కిటికీలోంచి తల బయటపెట్టి అటూ ఇటూ చూసి, “ఏం పాపా, ఇదేనా నీ గార్డెను? మా పెరట్లో తోటకూర మడి దీనికంటే పెద్దది” అన్నాడు.

కిందికెళ్లి మేనేజర్‌ని అడిగాను. అతను చాలా మర్యాదగా, “మొక్కలు ఉన్నాయి కదా మేడమ్” అన్నాడు. మూడో మనిషికి పరుపు కావాలంటే రోజుకు 500. యాడ్‌లో ముగ్గురని ఉంది కదా అంటే, ముగ్గురు ఉండొచ్చు, పరుపులు మాత్రం ఇద్దరికే అన్నాడు. వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది దాకానే. డిపాజిట్ 2,000. ఆ రాత్రి మామ డైరీలో రాస్తూ ఒక్కో అంకె దగ్గరా ఆగి, “దోచుకుంటాండారు అక్కా, పట్టపగలు దోచుకుంటాండారు” అంటుంటే అమ్మ ఏమీ అనకుండా గోడవైపు తిరిగి పడుకుంది. ఏసీ డబ్బాలు తెల్లారేదాకా రొద పెడుతూనే ఉన్నాయి.

ఆ రొదకు నిద్రపట్టక నేను ఎప్పుడో చదివిన ఒక విషయం గుర్తుచేసుకుంటూ పడుకున్నాను. రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా పరిశోధకుడు 1984లో ఒక వ్యాసం అచ్చువేశాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రోగుల రికార్డులు తీసి పోల్చాడు. సగం మందికి ఆస్పత్రి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు కాస్త ముందే ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. ఏసీ డబ్బాలు కనిపించినవాళ్ల గతేమిటో ఆయన రాయలేదు.

శనివారం ఐదింటికే అమ్మ లేచి మంచం మీద కూర్చుని ఉంది. “ఈ గదిలో నా వల్ల కాదు, ఎటైనా పోదాం పద” అంది. మామ మంకీ క్యాప్ పెట్టుకున్నాడు, ముగ్గురం నడుచుకుంటూ లాల్‌బాగ్ తోట వెస్ట్ గేటుకు వెళ్లాం. ఆరున్నర అయింది. పొద్దున తొమ్మిది లోపు నడకకు వచ్చేవాళ్లకు టికెట్ లేదన్నారు. మామ మొహంలో రెండు రోజుల తర్వాత మొదటిసారి వెలుగు కనిపించింది.

లోపలికి పది అడుగులు వేశామో లేదో, రోడ్డు మీది హారన్లు ఎవరో తలుపు వేసినట్టు తగ్గిపోయాయి. గాలి చల్లగా, తడి ఆకుల వాసనతో ఉంది. మాది వానకు మొహం వాచిన జిల్లా. అక్కడ చెట్టంటే చింత, వేప, కానుగ, అదీ రోడ్డు వెడల్పు చేసే దాకానే. ఇక్కడ ఒక్కో మాను చుట్టూ తిరగడానికే అరనిమిషం పడుతోంది. చెరువు గట్టు వెంబడి గులాబీ రంగు టబేబుయా పూలు దారంతా రాలి ఉన్నాయి. వాటిని తొక్కలేక అమ్మ పక్కకు తప్పుకుంటూ నడిచింది.

1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట ఇది. తర్వాత టిప్పు పెంచాడు, ఎక్కడెక్కడి దేశాల నుంచో మొక్కలు తెప్పించాడు. ఇప్పుడు 240 ఎకరాలు. 1908లో వచ్చిన క్రుంబీగల్ అనే జర్మన్ తోటల నిపుణుడు ఈ తోట బాగోగులూ చూశాడు, ఊళ్లో వీధుల వెంట చెట్లూ నాటించాడు. ఒక రకం పూలు రాలేసరికి ఇంకో రకం పూసేలా చూసి నాటించాడట. ఆ టబేబుయాల కింద నడుస్తుంటే ఆయనకు ఒక నమస్కారం పెట్టాలనిపించింది.

కొన్ని చెట్లకు పేర్ల పలకలున్నాయి. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు అక్కచెల్లెళ్లే కాబట్టి అమ్మ కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. “మావు... ఓ, మామిడి. బేవు... వేపేనా? హొంగే అంటే ఏందిరా?” కానుగ అని నేను ఆకు చూపించాను. ఇక ఆ ఆటలో పడింది. ప్రతి పలక దగ్గరా ఆగడం, చదవడం, మామను పరీక్షించడం. ఒక పెద్ద బూరుగు చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ మాట్లాడటం మానేశారు. దాని వేళ్లు నేల మీద గోడల్లా లేచి ఉన్నాయి, రెండు వేళ్ల మధ్య మనిషి నిలబడితే కనపడడు. చుట్టూ కంచె వేశారు, మంచిపనే. లేకపోతే ఈపాటికి ప్రేమికుల పేర్లతో నిండిపోయేది.

అక్కడ బెంచీ మీద ఒక పెద్దావిడ తెలుగులో పలకరించింది. యాభై ఏళ్ల కింద చిత్తూరు నుంచి కోడలిగా వచ్చిందట. రోజూ వస్తుందట. ఆమెకూ మోకాళ్లే. అమ్మా ఆవిడా మోకాళ్ల గురించి, కోడళ్ల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. రెండింటిలో దేని వల్ల ఎక్కువ బాధో తేలలేదు.

మెయిన్ గేటు వైపు కొండరాయి ఉంది. అది దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటిదట. జాతీయ భూవైజ్ఞానిక స్మారకమని అక్కడ రాసిపెట్టారు. పైన బెంగళూరు కట్టించిన కెంపేగౌడ కాలం బురుజు. అమ్మను కింద కూర్చోబెట్టి నేనూ మామా ఎక్కాం. పైనుంచి ఊరు కనిపిస్తుంది కానీ, నన్నడిగితే కింద చెట్ల తలలు చూడటమే బాగుంటుంది. మామ వెంట తెచ్చుకున్న తువ్వాలు రాయి మీద పరుచుకుని పావుగంట అలాగే కూర్చున్నాడు. డైరీ తీయలేదు.

కిందికి దిగాక టైము చూస్తే ఎనిమిదిన్నర. ఇంటి దగ్గర పాలప్యాకెట్‌కు వీధి చివరిదాకా పోవాలంటేనే మూలిగే అమ్మ, ఆగుతూ కూర్చుంటూ రెండు గంటలు తిరిగేసింది. నొప్పి పోయిందని నేను చెప్పను. “నొప్పి ఉంది, దాని మీద ధ్యాస లేదు అంతే” అంది.

మెయిన్ గేటు నుంచి ఎంటీఆర్ హోటల్ దగ్గరే. అక్కడ నలభై నిమిషాలు నిలబెట్టారు, వేరేవాళ్లతో కలిపి ఒకే బల్ల మీద కూర్చోబెట్టారు. రవ్వ ఇడ్లీ వచ్చాక అవన్నీ మరిచిపోయాం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం కరువొస్తే తామే రవ్వతో ఇడ్లీ కనిపెట్టామని వాళ్లు చెప్పుకుంటారు. పక్కన సాగు అనే బంగాళదుంప కూర, చట్నీ, చిన్న గిన్నెలో నెయ్యి. నెయ్యి మొత్తం ఇడ్లీ మీద వంచేయండి, మొహమాటపడొద్దు. ముగ్గురికీ కాఫీలతో కలిపి 452. మామ డైరీలో ఆ అంకె పక్కన ‘పర్లేదు’ అని రాసుకున్నాడు. ఆయన దృష్టిలో అది చాలా పెద్ద మాట.

ఆదివారం మధ్యాహ్నం మెట్రోలో కబ్బన్ పార్కుకు వెళ్లాం. 1870లో పెట్టిన పార్కు. ఎర్రటి హైకోర్టు భవనం, ఎర్రటి లైబ్రరీ, వాటి మధ్య వెదురు పొదలు, గొడుగుల్లా విరుచుకున్న నిద్రగన్నేరు చెట్లు. ఆదివారం లోపలికి బండ్లు రానివ్వరు కాబట్టి హాయిగానే ఉంటుంది. కానీ జనం, పెంపుడు కుక్కలు, ఫోటో షూట్లు. అమ్మకు నచ్చలేదు, “తిరునాళ్లలా ఉంది” అంది. ఎండ పూట నీడలో పడుకోవాలంటే కబ్బన్, మనసు బాగాలేక నడవాలంటే లాల్‌బాగ్. అదీ పొద్దున ఏడు లోపే. జనవరి, ఆగస్టుల్లో పూల ప్రదర్శన జరిగే రోజుల్లో మాత్రం నడక కోసం అటు వెళ్లకండి, తోట కనిపించదు, జనం వీపులు కనిపిస్తాయి.

సోమవారం పొద్దున ఇంకోసారి లాల్‌బాగ్ వెళ్లాం. చిత్తూరు ఆవిడ బెంచీ మీదే ఉంది. అమ్మ కోసమని మునగాకు పొడి తెచ్చింది. అటు నుంచి రవ్వ ఇడ్లీ కోసం ఆశగా ఎంటీఆర్‌కు పోతే తలుపులు మూసి ఉన్నాయి. సోమవారం వాళ్లకు సెలవట, మీరైనా గుర్తుపెట్టుకోండి. రిపోర్టులో భయపడాల్సిందేమీ లేదు. ఆపరేషన్ అక్కర్లేదు, బరువు తగ్గాలి, రోజూ నడవాలి అన్నారు. “ఎక్కడ నడవాలి డాక్టరు గారూ, మా వీధిలో కుక్కలు” అని అమ్మ అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నాడు.

గది ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో 450 కోశారు. కరెంటు ఎక్కువ వాడామని 200, తువ్వాలుకు మరక పడిందని 250. పరుపుకు ముందే 2,000 లాగారు. గార్డెన్ వ్యూకి 1,600 సరేసరి. మొత్తం 11,450. నాకు తిక్కరేగి అరగంట గొడవ పెట్టుకున్నాను. మేనేజర్ తువ్వాలు విప్పి చూపించాడు, మధ్యలో పెద్ద ఎర్రమట్టి మరక. మేం కాదు, ముందే ఉందని వాదించాను. అమ్మ కూడా నాకు వంతపాడింది. మామ మాత్రం బ్యాగు జిప్పు వేస్తూ, తీస్తూ, మళ్లీ వేస్తూ ఉన్నాడు.

రైలు హిందూపురం దాటాక డైరీ తీసి ఏదో కొట్టేసి మళ్లీ రాశాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు: “పాపా, ఆ 250 మాత్రం వాళ్ల తప్పు కాదులే. రాయి మీద పరుచుకున్న తువ్వాలు వాళ్లదే.”