కుక్కలకు మూత్ర కార్టిసాల్ పరీక్ష: కొన్నేళ్ల వాడకం తరువాత

మా డాక్స్‌హండ్‌కు కుషింగ్స్ వ్యాధి (ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ మితిమీరే జబ్బు) ఉందేమోనన్న అనుమానంతో మొదటిసారి చేయించిన మూత్ర కార్టిసాల్-క్రియాటినిన్ నిష్పత్తి పరీక్షను, తరువాత మా పామెరేనియన్‌కు కూడా ఇక్కడ చెన్నైలోనే చేయించాను. ఈ జబ్బు లేదని చెప్పడానికి ఇది చాలా మంచి పరీక్ష. ఉందని తేల్చడానికి మాత్రం దీనొక్కదాన్నే నమ్మకూడదు.

అసలు అనుమానం రావడమే ఈ ఊళ్లో కష్టం. కుషింగ్స్ వచ్చిన కుక్క విపరీతంగా నీళ్లు తాగుతుంది, వగరుస్తుంది. కత్తిరి ఎండల్లో ఏ జబ్బూ లేని కుక్క చేసే పనీ అదే. గిన్నెలో పోసిన నీళ్లను కొలిచి, రోజుకు కిలో బరువుకు వంద మిల్లీలీటర్లు దాటుతున్నాయని చూపించాకే డాక్టరు గారు పరీక్ష రాశారు.

రక్తంలో కార్టిసాల్ గడియ గడియకూ మారుతుంది కానీ, మూత్రంలో కొన్ని గంటల మొత్తం కలిసి కనిపిస్తుంది; నీళ్లు ఎక్కువ తాగి మూత్రం పలచబడినా లెక్క తప్పకుండా దాన్ని, దాదాపు ఒకే వేగంతో మూత్రంలో పోయే క్రియాటినిన్ అనే వ్యర్థంతో భాగిస్తారు. ఆసుపత్రి వాసన తగిలితేనే కుక్కకు ఈ హార్మోన్ పెరుగుతుంది కాబట్టి, అక్కడికి వెళ్లొచ్చిన తరువాత కనీసం రెండు రోజులు ఆగి, ఇంట్లోనే, తెల్లవారి మొదటి మూత్రం పట్టాలి. పొట్ట నేలకు ఆనుతున్నట్టుండే మా డాక్స్‌హండ్ కింద డబ్బా పట్టదు. సబ్బు మిగలకుండా కడిగి ఆరబెట్టిన లోతులేని స్టీలు గరిటెను, అది కూర్చోవడం మొదలుపెట్టాక వెనుక నుంచి జరపడమే నాకు కుదిరిన పద్ధతి. ముందే పెడితే లేచి వెళ్లిపోతుంది.

డాక్స్‌హండ్ ఫలితం ఎక్కువగా వచ్చింది. అయితే మధుమేహం వంటి ఇతర జబ్బులున్నా ఇది పెరుగుతుంది కనుక, ఆరోగ్యంగా ఉన్న కుక్కలో కార్టిసాల్‌ను తగ్గించే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను తక్కువ మోతాదులో ఇచ్చి, ఇవ్వక ముందూ, నాలుగు గంటలకూ, ఎనిమిది గంటలకూ రక్తం తీసి చూసిన తరువాతే రోగం ఖాయమైంది. పామెరేనియన్‌కు మామూలుగా రావడంతో ఆ రోజంతా పట్టే పరీక్ష తప్పింది. దాని అతిదాహానికి కారణం మూత్రపిండాలని తేలింది.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. మన ఉక్కపోతకు చెవి చీము, దురద మామూలే, వాటికి వాడే చుక్కల్లో, మాత్రల్లో చాలావరకు స్టెరాయిడ్ ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ అయితే కార్టిసాల్‌గానే లెక్కలోకి వచ్చి అంకె పెరగవచ్చు, డెక్సామెథసోన్ అయితే తగ్గిపోవచ్చు. వాడిన ప్రతి మందునూ ముందే డాక్టరుకు చెప్పాలి. ల్యాబుకూ ల్యాబుకూ ప్రమాణాలు వేరు కాబట్టి రెండు చోట్ల వచ్చిన అంకెలను పోల్చడం కూడా దండగ.

డాక్స్‌హండ్‌కు కార్టిసాల్ తయారీని తగ్గించే ట్రైలోస్టేన్ అనే మందు మొదలయ్యాక మోతాదు సరిపోతున్నదో లేదో చూడటానికి ఈ పరీక్ష నమ్మదగినది కాదని డాక్టరు గారు ముందే చెప్పారు. అందుకని ఇప్పుడు దానికి ఏసీటీహెచ్ (కార్టిసాల్‌ను విడుదల చేయించే హార్మోన్) ఇంజెక్షన్‌తో చేసే రక్త పరీక్షే చేయిస్తున్నాం, నీళ్ల కొలత మాత్రం రోజూ రాస్తూనే ఉన్నాం.