ఓపీటీకి ఆన్‌లైన్ ఐ-765: ఫారం తేలికే, చిక్కంతా తేదీల్లోనే

అమెరికాలో ఎమ్మెస్ పూర్తయ్యాక 12 నెలలు ఉద్యోగం చేసుకునేందుకు వీలిచ్చే ఓపీటీ కోసం అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు పెట్టే దరఖాస్తు ఐ-765. 2021 ఏప్రిల్ నుంచి ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థులు దీన్ని ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. 2024 ఏప్రిల్‌లో మారిన ఫీజుల ప్రకారం ఆన్‌లైన్‌కి 470 డాలర్లు, కాగితం మీదైతే 520. యాభై డాలర్ల సంగతి అటుంచితే, డబ్బు కట్టగానే రసీదు నంబరు చేతికొస్తుంది. దీని అసలు సుఖం అదే.

నింపడం ఒక సాయంత్రం పని. కేటగిరీ దగ్గర మాత్రం ఆగి చూడాలి: చదువు అయ్యాక చేసే ఓపీటీ (సీ)(3)(బీ), సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివినవాళ్లకు దొరికే స్టెమ్ పొడిగింపు (సీ)(3)(సీ). పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు రికార్డు), ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం), 2×2 అంగుళాల ఫొటో స్కాన్ చేసి ముందే పెట్టుకోండి. గతంలో సీపీటీ (చదువుతుండగానే కోర్సులో భాగంగా చేసే పని) చేసుంటే ఆ ఐ-20లు కూడా జతచేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. పేరంతా పాస్‌పోర్టులో ఒకే గడిలో పడి, వీసా మీద ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని వచ్చిన మనవాళ్లు సొంతంగా ఇంటిపేరు విడదీసి రాయకూడదు, ఐ-20లో ఎలా ఉంటే అలాగే రాయాలి. సగం నింపి వదిలేసిన ఫారాన్ని 30 రోజులు ముట్టకపోతే సైట్ చెరిపేస్తుంది.

ఇక సైట్ పట్టించుకోనిది గడువులు. కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు దరఖాస్తు పెట్టొచ్చు. దానికంటే ముందు డీఎస్‌వో (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో ఓపీటీకి సిఫార్సు చేసి కొత్త ఐ-20 ఇవ్వాలి. ఆ సిఫార్సు పడిన 30 రోజుల్లోపు ఫారం చేరాలి. కోర్సు ముగిశాక 60 రోజులున్నాయి కదా అని సిఫార్సు పడిన 35వ రోజున పెడితే దరఖాస్తు తిరస్కరిస్తారు, ఫీజూ తిరిగిరాదు. స్టెమ్‌కు ఈ 30 కాస్తా 60 అవుతుంది. రెండింటినీ కలిపేసుకుని బోల్తాపడేవాళ్లు ఉన్నారు. ఐ-20 మీద సంతకం పెట్టకుండా అప్‌లోడ్ చేయడం మరో పొరపాటు.

అదనపు ఫీజు తీసుకుని త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్‌కు అసలు ఫీజుకు మూడు రెట్లకు పైనే అవుతుంది. 30 పనిదినాల్లో ఏదో ఒకటి తేలుస్తారు, కానీ ఆ ఏదో ఒకటి మరిన్ని పత్రాలు అడగడం కూడా కావచ్చు. చేరే తేదీ ఖాయమై ఆఫర్ లెటరు చేతిలో ఉంటే తప్ప అనవసరం. ఉద్యోగం ఇంకా దొరకనివాళ్లకు తొందర నష్టమే. ఓపీటీ మొదలైన రోజు నుంచి ఉద్యోగం లేకుండా ఉండనిచ్చే 90 రోజులు లెక్కలోకి వస్తాయి కాబట్టి, మొదలయ్యే తేదీని కోర్సు ముగిశాక 60 రోజుల్లోపు వీలైనంత ఆలస్యంగా పెట్టుకోవడమే మేలు.

ఈ ఫారం నింపిపెడతామని డబ్బడిగే ఏజెంట్ల జోలికి వెళ్లనక్కర్లేదు. ఉద్యోగానికి అనుమతినిచ్చే కార్డు పోస్టులో వస్తుంది. మెయిల్‌బాక్సు మీద మీ పేరు లేకపోతే వెనక్కి పోయే ప్రమాదముంది.