హబ్ మోత: గ్రీజు మార్చి బిగించడం మేలా, కొత్త బేరింగులు వేయడం మేలా?

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు చక్రం దగ్గర మోత మొదలైందంటే సలహాలు రెండు రకాలుగా వస్తాయి. హబ్ (చక్రం బిగించి ఉండే మధ్య భాగం) విప్పి, లోపలి బేరింగులు కడిగి, కొత్త గ్రీజు పెట్టి బిగించమంటారు కొందరు. ఎలాగూ విప్పుతున్నావు కదా, కొత్త బేరింగులే వేసెయ్యమంటారు మరికొందరు. నా బండికి రెండూ చేయించాను. మొదటిసారి కొత్తవి వేయించి ఆరు నెలలు తిరగలేదు, అదే చక్రంలో మళ్లీ అదే మోత. విప్పి చూస్తే గ్రీజు నల్లగా కారిపోయి ఉంది, రోలర్లు వేడికి నీలం తిరిగాయి. బేరింగు తప్పేమీ లేదు. ఆ పక్క బ్రేక్ కాలిపర్‌లో (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) ఒక పిస్టన్ తుప్పు పట్టి ఇరుక్కుపోయింది. ప్యాడ్ ఎప్పుడూ డిస్క్‌ను ఒరుసుకుంటూ, ఆ వేడంతా హబ్‌లోకి దిగింది. అప్పటినుంచి బేరింగునూ బ్రేక్‌నూ విడివిడిగా చూడడం మానేశాను.

ముందు మోత ఎక్కడిదో రోడ్డు మీదే చాలావరకు తేలుతుంది. బేరింగు మోత బండి వేగంతో పెరుగుతుంది. క్లచ్ తొక్కినా, గేరు మార్చినా మారదు. స్టీరింగ్ మెల్లగా ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే అనుమానం కుడివైపు, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమవైపు. రోడ్డు నున్నగా ఉన్నచోట తగ్గి, గరుకుగా ఉన్నచోట పెరిగేది చాలాసార్లు టైరు మోత. ముందు టైర్లు వెనక్కి మార్చి చూస్తే, మోత కూడా వెనక్కి వెళ్లిందో లేదో తెలిసిపోతుంది. చేత్తో తిప్పే లాకింగ్ హబ్‌లు (ముందు చక్రాలను యాక్సిల్ షాఫ్టుతో కలిపేవి, విడదీసేవి) ఉన్న బండికి మరో సౌకర్యం ఉంది. టూ వీల్ డ్రైవ్‌లోనే ఉంచి, హబ్‌లు ఒకసారి ఫ్రీలో, ఒకసారి లాక్‌లో పెట్టి నడపాలి. లాక్‌లో మాత్రమే మోత వస్తే ముందు యాక్సిల్ షాఫ్టు, జాయింటు, డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) వైపు చూడాలి. రెండింటిలోనూ ఒకేలా ఉంటే చక్రం బేరింగే అయ్యే అవకాశం ఎక్కువ.

తర్వాత జాకీ. ఇక్కడొక జాగ్రత్త. కొన్ని పాత బండ్లలో హ్యాండ్ బ్రేక్ చక్రాల మీద ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేరు పెట్టె) వెనక, ఆ బలాన్ని వెనక యాక్సిల్‌కు తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటుంది. అలాంటి బండిలో ఒక వెనక చక్రం లేపితే డిఫరెన్షియల్ వల్ల ఆ బ్రేక్ పట్టు పోయి బండి కదలవచ్చు. నేల మీద ఉన్న చక్రాలకు అడ్డు పెట్టి, స్టాండు వేశాకే చెయ్యి పెట్టండి. లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదులుతోందా? ఎవరినైనా బ్రేక్ తొక్కి ఉంచమని మళ్లీ ఊపండి. ఆ కదలిక ఆగిపోతే లూజు బేరింగులో ఉంది. అప్పుడూ కదులుతుంటే, చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నో, బాల్ జాయింటో చూడాలి. పక్కలకు పట్టుకున్నప్పుడు మాత్రమే కదిలితే స్టీరింగ్ రాడ్ల సంగతి.

బ్రేక్ ప్యాడ్ల అరుగుదల కూడా చాలా చెబుతుంది. లోపలి ప్యాడ్ అరిగి బయటిది మందంగా ఉంటే, జారే రకం కాలిపర్‌లో పిన్నులు పట్టేసి ఉంటాయి. రెండు పక్కలా పిస్టన్లు ఉన్న కాలిపర్‌లో అయితే ఏదో ఒక పిస్టన్ ఇరుక్కుని ఉండాలి. బేరింగు లూజైతే డిస్క్ ఊగుతూ ప్యాడ్లను వెనక్కి నెడుతుంది. పెడల్ మొదటిసారి లోపలికి వెళ్లి, రెండోసారి తొక్కితే గట్టిగా తగులుతుంది. దీన్ని బ్రేక్ లైన్లో గాలి అనుకుని మళ్లీ మళ్లీ బ్లీడింగ్ (లైన్లోంచి గాలి తీయడం) చేసేవాళ్లు ఉన్నారు.

ఇక అసలు ప్రశ్న. విప్పి, కిరోసిన్‌తో బాగా కడిగి ఆరబెట్టాక రోలర్లూ, హబ్‌లో కూర్చున్న కప్పులూ (రోలర్లు తిరిగే బయటి రింగులు) వెలుతురులో చూడండి. ఒకే రకమైన బూడిదరంగు మెరుపు ఉండి, గోరు ఎక్కడా తట్టకపోతే గ్రీజు మార్చడమే మేలని నేను గట్టిగా చెబుతాను. మంచి కంపెనీ పాత బేరింగు, నకిలీదో నాసిరకందో అయిన కొత్త సెట్ కంటే నమ్మకమైనది. చిన్న గుంట కనిపించినా, పొర లేచినా, వేడికి రంగు మారినా గ్రీజుతో సర్దుకోవద్దు. కొత్త గ్రీజు కొన్నాళ్లు మోతను అణిచిపెడుతుంది, లోపల అరుగుదల సాగుతూనే ఉంటుంది. మార్చేటప్పుడు కప్పులతో సహా మార్చాలి. పాత కప్పులో కొత్త రోలర్లు వేయడం కొత్త బేరింగును పాడుచేయడమే. గ్రీజు బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీల్ మాత్రం ఏ దారిలోనైనా కొత్తది వేయాల్సిందే.

ఈ ఎంపిక, ముందు చక్రాల హబ్‌లో విడి టేపర్ బేరింగులు (ఏటవాలు రోలర్లవి) ఉన్న బండ్లకే. సీల్ వేసిన యూనిట్ అయితే మొత్తం మార్చడమే. వెనక యాక్సిల్‌లో బేరింగు షాఫ్టు మీదే ప్రెస్ చేసి ఉంటే ఇంట్లో చేసే పని కాదు, ప్రెస్ ఉన్న వర్క్‌షాపుకు ఇవ్వండి.

డిస్క్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి, ఎందుకంటే చాలా పాత ఫోర్ వీల్ డ్రైవ్‌లలో డిస్క్ హబ్ వెనక బోల్టులతో ఉంటుంది, హబ్ తీస్తేనే వస్తుంది. అంచు మీద ముద్రించిన కనీస మందానికి దగ్గరపడితే మార్చడమే, లేత్ మీద పట్టించడం వద్దు. మందం ఉండి డిస్క్ ఊగుతోందనిపిస్తే, ముందు బేరింగు సరిగా బిగించి ఆ తర్వాతే డయల్ గేజ్ (ఊగుడు కొలిచే సాధనం) పెట్టండి. లూజు బేరింగు మీద తీసిన కొలతను నమ్మలేం.

బిగింపు దగ్గరే ఎక్కువ మంది తొందరపడతారు. చక్రం తిప్పుతూ నట్టు బిగించాలి, రోలర్లు కూర్చుంటాయి. తర్వాత వదులు చేసి, మీ బండి సర్వీస్ మాన్యువల్ చెప్పిన లెక్కకు మళ్లీ బిగించాలి. కొన్ని బండ్లకు హబ్‌ను స్ప్రింగ్ త్రాసుతో లాగి, తిరగడానికి ఎంత బలం పడుతోందో చూస్తారు. ఎక్కువ బిగిస్తే వేడెక్కి మాడుతుంది, తక్కువ బిగిస్తే పెడల్ మళ్లీ లోపలికి పోతుంది. పైన లాక్ నట్టు బిగించేటప్పుడు లెక్క మారుతుంది కాబట్టి ఆ తర్వాత ఇంకోసారి చూడండి.

పని అయ్యాక బ్రేక్ పెద్దగా వాడకుండా పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపండి. డిస్క్ జోలికి పోకుండా, రెండు ముందు హబ్‌ల దగ్గరా అరచేతి వెనక పక్కతో వేడి పోల్చి చూడండి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉండాలి. ఒకటి మాత్రమే కాలుతుంటే నట్టు కాస్త వదులు చేసే ముందు కాలిపర్ విప్పి, పిస్టన్ వెనక్కి వెళ్తోందో లేదో చూడండి.