నెల్లూరులో క్యూబా సంక్షోభం వర్క్‌షాప్: గ్రూప్-1, సివిల్స్ వాళ్ళు తప్పకుండా పోవాల్సింది (5కి 4 స్టార్లు)

మాగుంట లేఅవుట్‌లో ఒక స్టడీ సర్కిల్ వాళ్ళు ఆదివారం పూట పెట్టే వర్క్‌షాప్ గురించి ఈ రివ్యూ. ఫీజు 300, మధ్యాహ్నం భోజనం వాళ్ళదే. సబ్జెక్ట్ 1962 క్యూబా మిసైల్ సంక్షోభం, అంటే అమెరికా పక్కనే ఉన్న క్యూబాలో సోవియట్ యూనియన్ అణు మిసైల్స్ పెట్టడంతో అణుబాంబులున్న ఆ రెండు దేశాలు ఎదురెదురుగా నిలబడితే పైన కూర్చున్నోళ్ళు నిర్ణయాలు ఎట్ట తీసుకుంటారు అనేది. మామూలు కోచింగ్‌లో ఇది రెండు పేజీల నోట్సు, బట్టీ పట్టి వదిలేస్తాం.

ఇక్కడ మనల్నే అప్పటి అమెరికా ప్రెసిడెంట్ కెనడీ సలహాదారుల కమిటీగా కూర్చోబెడతారు. ఒకళ్ళు ప్రెసిడెంట్, ఒకళ్ళు డిఫెన్స్ మంత్రి, ఇద్దరు ముగ్గురు జనరల్స్. ఆ రోజుకి వాళ్ళకి ఎంత తెలుసో అంత రాసిన కాగితమే చేతికిస్తారు, అంతకుమించి ఒక్క ముక్క చెప్పరు, ఫోన్లు ముందే తీసి పక్కన పెట్టించేస్తారు. నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే ఆఖరికి ఏం జరిగిందో తెలుసుకుని కెనడీ కరెక్టా సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ కరెక్టా అని తీర్పులివ్వడం ఎవరికైనా చేతనవుతుంది, ఏమీ తెలియకుండా కూర్చుంటే అప్పుడుంటది.

అక్టోబర్ 16 కాగితంలో అమెరికా గూఢచారి విమానం యూ-2 తీసిన క్యూబా మిసైల్స్ ఫోటోల సంగతి ఉంటది. మా బ్యాచ్‌లో జనరల్‌గా కూర్చున్న కావలి అమ్మాయి, "ఇంకా ఆలోచించేదేముంది సార్, అవి రెడీ అయ్యేలోపే కొట్టేయాల" అనింది, మేమందరం సరే అన్నాం. నిజంగా కూడా మొదటిరోజు కెనడీతో సహా ఎక్కువమంది విమానదాడి వైపే మొగ్గారంట. వాళ్ళు విషయం బయటికి పొక్కనీకుండా వాదించుకునేదానికి దాదాపు వారం దొరికింది, 22న కెనడీ టీవీలో చెప్పేదాకా జనానికి తెలియదు. ఆ వారంలోనే ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు ఎంత బాగా కొట్టినా 90 శాతం మిసైల్స్ మాత్రమే పోతాయని తేల్చారు. ఆ కాగితం చదివి సార్ "మిగిలిన పది శాతం ఏ ఊరి మీద పడతాయో చెప్పండి" అన్నారు, జనరల్స్ దగ్గర జవాబు లేదు, క్యూబాకి పోయే ఓడల్ని సముద్రంలో అడ్డుకుందాం అన్నోళ్ళ మాట అప్పుడు నెగ్గింది.

అసలు క్లాసు భోజనం తర్వాత. అక్టోబర్ 27 శనివారం. ఒకదాని మీద ఒకటి కాగితాలు వచ్చి పడతా ఉంటాయి. క్యూబా మీద యూ-2 ని కూల్చేశారు, పైలట్ ఆండర్సన్ చనిపోయాడు. ఇంకో యూ-2 దారి తప్పి సోవియట్ గడ్డ మీదికి పోయింది. క్రుశ్చేవ్ నుంచి ముందురోజు మెత్తటి లెటర్, ఈరోజు టర్కీలో మీ మిసైల్స్ తీసేయండి అని గట్టి లెటర్, దేనికి జవాబివ్వాల? టైం 20 నిమిషాలు. మా ఓట్లు ఎక్కువ దాడికే పడ్డాయి.

అప్పుడు సీల్ కవర్ తెరిచారు. క్యూబాలో సోవియట్ సైనికులు పదివేల దాకా ఉంటారని అమెరికా లెక్క, ఉన్నది 40 వేలకి పైనే, వాళ్ళ దగ్గర యుద్ధభూమిలో వాడే చిన్న అణ్వాయుధాలు కూడా ఉన్నాయి, ఈ సంగతి బయటపడింది 1992లో. విమానాన్ని కూల్చమని మాస్కో చెప్పలేదు, అక్కడున్న ఆఫీసర్లే కూల్చేశారు. అదేరోజు సోవియట్ వాళ్ళ బీ-59 సబ్‌మెరైన్‌లో అణు టార్పెడో వదలడానికి అర్ఖిపోవ్ అనే ఆఫీసర్ ఒప్పుకోలేదు.

కావలి అమ్మాయి లేచి "అంటే సార్, మనోళ్ళు దిగుంటే..." అంటే సార్ "అవును తల్లీ, అదే" అన్నారు.

కెనడీ ఆ సాయంత్రం తిరిగి కొట్టకుండా ఆగాడు, రాత్రికి తమ్ముడిని సోవియట్ రాయబారి డోబ్రినిన్ దగ్గరికి పంపి టర్కీ మిసైల్స్ తీసేస్తాం గానీ ఈ మాట బయట చెప్పొద్దు అనిపించాడు. ఎదుటోడు కూడా తన దేశంలో తలెత్తుకుని వెనక్కి పోవాలంటే వాడికి ఏదో ఒకటి చేతిలో పెట్టాల కదా, సార్ ఈ పాయింట్ మీద గంటసేపు చెప్పారు, ఒక్క నిమిషం కూడా ఎక్కువనిపించలేదు.

స్టార్ ఒకటి ఎందుకు కోశానంటే, మన ఇండియా పాకిస్తాన్ సంగతి చివరి అరగంటలో పరిగెత్తించారు. 2003 జనవరిలో అణు కమాండ్ అథారిటీ ప్రకటించారు, అణ్వాయుధం వాడాలంటే అందులో ప్రధాని అధ్యక్షతన ఉండే పొలిటికల్ కౌన్సిలే అనుమతివ్వాల, మనం ముందు వాడం, పాకిస్తాన్ ఆ మాట ఇవ్వలేదు, ఇంతే చెప్పారు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ మిసైల్ పొరపాటున దూసుకుపోయి పాకిస్తాన్‌లో మియాన్ చన్ను దగ్గర పడింది, ఆ కాసేపు వాళ్ళ కమాండర్లు ఏమనుకోనుంటారు? ఇది కూడా కాగితాలిచ్చి ఆడించాల్సిందే, నేను అడిగి వచ్చాను. ఇంకోటి, కాగితాలన్నీ ఇంగ్లీషులోనే, ఉదయగిరి నుంచి, పొదిలి నుంచి వచ్చిన తెలుగు మీడియం పిల్లలు పక్కోళ్ళని అడిగి అర్థం చేసుకునేలోపే టైం అయిపోతా ఉంది. తెలుగులో కూడా ఇవ్వండి సార్, దయచేసి.

ఒంగోలు, కావలి వైపు నుంచి వచ్చేవాళ్ళు పొద్దున్నే బయల్దేరండి, మొదటి కాగితం పంచేశాక ఎవర్నీ లోపలికి రానివ్వరు.